ప్రస్థానం పెట్టె

నా పెనిమిటి నాలుగేండ్లుగా ప్రయాణంలో ఉన్నాడు. ఎల్లారెడ్డిలో, సొంత ఇంటి అరుగు మీద, చాప పరుచుకొని ప్రయాణంలో ఉన్నాడు. వినేవాళ్ళకు వెంటనే నవ్వొస్తుంది. నాకు మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, నవ్వు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. అది వచ్చాకే ఈ సంగతి చెప్పే ఓపిక కూడా వచ్చింది.

ఆయన పేరు లక్ష్మీరాజం. ఎల్లారెడ్డి పటేలు ఇంటికి ఒక్కడే కొడుకు. తండ్రి లేడు. తల్లి రామవ్వ, ఎనభై ఎకరాల భూమి ఆయన కోసం ఎదురుచూస్తుంటే, ఆయన హైదరాబాదులో నాలుగేండ్లు చదువుకున్నాడు. చదువు రాలేదు. ఒక క్యాలెండరు మాత్రం వచ్చింది. హాస్టలు గది గోడకు ఉన్నదాన్ని చుట్టి చంకలో పెట్టుకొని ఇంటికి తెచ్చాడు. దాని మీద స్విట్జర్లాండు దేశపు బొమ్మ. ఒక చెరువు, చెరువు వెనక తెల్లటి కొండ, ఒడ్డున పసుపూ ఎరుపూ ఆకుల చెట్లు. ఆ బొమ్మను చూసి చూసి ఆయనకు ఆ దేశం మేనమామ ఊరంత దగ్గరైపోయింది.

మాది కామారెడ్డి, స్టేషనుకు దగ్గర్లో ఇల్లు. మా బాపు సిద్ధిరాములుకు చెరుకు తోటలు, బెల్లం వండే గానుగ ఉన్నాయి. అమ్మ చాలాకాలం మంచం పట్టి పోవడంతో నా పెండ్లి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏండ్లు నిండాక, జర్మనీవాడి లడాయి మొదలైన ఏడు, ఎండాకాలంలో నా మెడలో పుస్తె పడింది. పెండ్లయ్యాక మంచి రోజు చూసి పిల్ల పుట్టింట్లో మొదటి రాత్రి కార్యం చేయడం, ఆ తర్వాతే అత్తగారింటికి పంపడం మా ఇండ్లలో పద్ధతి. బాపు ఆ మంచి రోజు సంగతి ఎత్తగానే అల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్యం గీర్యం ఈడ వద్దు మామా. మేము హనీమూన్ పోతం. స్విట్జర్లాండుకు. పెండ్లి కాంగనే దొరలందరు గట్లనే పోతరు."

"అంత దూరం పోయి ఏం చేస్తరు?" అని బాపు అడిగాడు.

"అక్కడ శరత్కాలంల చెట్ల ఆకులన్ని బంగారం రంగుకొస్తయి. గవి రాలుతుంటే చూడాలె."

"ఆకులు రాలేది చూడనీకి సముద్రం దాటుతరా?"

ఆయన తెలియనివాళ్ళ మీద జాలిపడే నవ్వు ఒకటి నవ్వాడు. మా పెరట్లో బాదం చెట్టు ఉంది. ఏటా ఆకులన్నీ ఎర్రబడి, రాలి, వాకిలంతా నిండుతాయి. ఊడ్చేది నేనే, నాలుగు రోజులు ఊడిస్తే నడుము పట్టేస్తుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ కొత్త పెండ్లికూతురు నోరు విప్పే చోటు కాదది. పైగా నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. కామారెడ్డి స్టేషనులో రైలు ఆగడం, కదలడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఒక్కసారైనా ఎక్కలేదు.

ఆషాఢం వచ్చింది, దాని వెంట అధిక శ్రావణం పడింది. శుభకార్యాలు లేని ఆ రెండు నెలలూ ఆయన ఎల్లారెడ్డిలో హనీమూనుకు తయారయ్యాడు. గాజుల దేవవ్వ అటూ ఇటూ తిరుగుతూ ఆ ముచ్చట్లన్నీ మోసుకొచ్చేది. జొన్నరొట్టెను ముండ్ల చెంచాతో పొడుచుకొని తింటున్నాడట. అది జారి పీట కింద పడితే, తల్లి తీసి మళ్ళీ పళ్ళెంలో పెడుతున్నదట. మడికట్టులో మనుషులు నడుములు విరిగేలా నాట్లు వేస్తుంటే ఈయన ఉన్ని కోటు తొడుక్కొని పోచారం చెరువు కట్ట మీద పచార్లు చేశాడట, చలి దేశంలో నడక అలవాటు కావాలని. చెమటకు కండ్లు తిరిగి పడిపోతే బండిలో వేసుకొచ్చారు. ఇది విని నేను నవ్వలేదు. మొగుడు కదా, పాపం అనుకున్నాను.

వారానికో ఉత్తరం వచ్చేది. చిన్నప్పుడు బడిలో లిదియా టీచరమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఆ ఉత్తరాలు చదవడానికి పనికొచ్చాయి. అక్కడ తలలో పూలు పెట్టుకోవద్దు, పాన్ నమలొద్దు, గట్టిగా మాట్లాడొద్దు అని రాసేవాడు. నా ఆరోగ్యం ఎట్లా ఉందని ఒక్కదాంట్లోనూ లేదు. ఒక్క ఉత్తరం మాత్రం నేను దాచుకున్నాను. "నీ సామాను గురించి ఫికర్ చేయకు. ఒక్క చీర కూడా సర్దుకోవద్దు. మనకు కావలసినవన్నీ నేను పెట్టెలో పెడుతున్నాను" అని అందులో ఉంది.

ఓడ సెప్టెంబరు రెండో వారంలో. పంచాంగం చెప్పే అయ్యగారు చూసిన మంచి గడియ అంతకు పదిహేను రోజుల ముందే పడింది. అట్లాంటప్పుడు మా దిక్కు ప్రస్థానం పెడతారు. అంటే గడియ దాటిపోకుండా ప్రయాణపు సామాను ముందే ఇల్లు కదిలించి వేరేవాళ్ళింట్లో పెడతారు. సామాను గడప దాటిందంటే మనిషి దాటినట్టే. ఇక ప్రయాణం తీరేదాకా ఆ సామాను తిరిగి సొంత గడప తొక్కకూడదు. మనిషి ఊళ్ళోనే ఉన్నా చుట్టంలాగ అరుగు మీద ఉండాలి. ఇంటి పనులు ముట్టకూడదు, శుభకార్యాలకు పీట మీద కూర్చోకూడదు.

చాలామంది ఇది రెండు రోజులు పాటించి వదిలేస్తారు. రామవ్వ వదిలే మనిషి కాదు. ఆమె పెనిమిటి ఒకసారి తిరుపతికి ప్రస్థానం మూట పెట్టి, వానలకు భయపడి ప్రయాణం మానుకొని, మూటను ఇంటికి తెచ్చుకున్నాడు. నెల తిరగకముందే జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి ప్రస్థానమంటే ఆమెకు ప్రాణంతో సమానం.

స్టేషనుకు దగ్గరని పెట్టెను మా ఇంటికే పంపారు. నల్లటి ఇనుప ట్రంకు, నలుగురు మోసి నా మంచానికి ఎదురుగా దించారు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఆ రోజు నుంచి నేను దాన్నే చూస్తూ గడిపాను. అందులో నాకోసం ఒక నీలం ఉన్ని శాలువా ఉందని ఎందుకో గట్టిగా అనిపించింది. కాళ్ళకు బూట్లు కూడా ఉంటాయి, కొలత ఎట్లా తెలుసుకున్నాడో అనుకునేదాన్ని.

పెట్టె వచ్చిన పది రోజులకు స్టేషను నుంచి వార్త వచ్చింది, యూరపులో లడాయి మొదలైందని. ఓడల్లో హనీమూన్లకు పోయేవాళ్ళను ఎక్కించుకునే రోజులు కావని కంపెనీవాళ్ళు టికెట్లు తిప్పి పంపారు. ఇంకెవరైనా అయితే సరేనని పెట్టె విప్పి, కోటు మడతపెట్టి, చేనుకు పోయేవాడు. లక్ష్మీరాజం నాకు ఉత్తరం రాశాడు. "దసరా వరకు లడాయి ఒడుస్తుంది. తయారుగా ఉండు." ఆ ఉత్తరం కూడా దాచుకున్నాను.

దసరా పోయింది. ఉగాది వరకు అన్నాడు. ఉగాది పోయింది. మళ్ళీ దసరా అన్నాడు. ఆయనకు వచ్చిన కష్టమేమీ లేదు. కష్టం లేకపోగా, ప్రయాణికుడిగా ఉండడం ఎంత సుఖమో మొదటి నెలలోనే తెలిసిపోయింది. కోతలకు కూలీలు ఎంతమంది కావాలని పెద్ద జీతగాడు బాలయ్య అడిగితే, "నేను ప్రయాణంల ఉన్న బాలయ్యా, నన్ను అడుగొద్దు" అనేవాడు. కట్ట తెగిందంటే అదే మాట. ఎద్దు పోయిందంటే అదే మాట. రామవ్వ మూడు పూటలా ఆకు వేసి, చుట్టానికి వడ్డించినట్టు అరుగు మీదికి తెచ్చి పెట్టేది. తిని, చెయ్యి కడుక్కొని, రైళ్ళ టైముల పుస్తకం తెరిచేవాడు. స్విట్జర్లాండులో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని గంటలకు రైలుందో ఆయనకు నోటికి వచ్చు. సొంత పొలం ఎన్ని మళ్ళో తెలియదు.

మరి నేను? మొదటి బతుకమ్మకు కొత్త పెండ్లికూతురు పుట్టింట్లో ఉండడం మామూలే, ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఏడు బతుకమ్మ దగ్గర ఆడవాళ్ళు అడిగారు. మూడో ఏడు అడగడం మానేశారు. వాళ్ళు అడగడం మానేసిన రోజే నాకు భయం పట్టుకుంది.

ఆ దీపావళి వెళ్ళాక దేవవ్వ గాజుల మలారంతో వచ్చింది. వాకిట్లో కూర్చొని నా చెయ్యి పట్టుకుంది కానీ గాజు ఎక్కించలేదు.

"బిడ్డా, నా నోట్ల నుంచి వచ్చిందని అనకు. ఎల్లారెడ్డిల మీ అత్త రెండు డజన్ల పచ్చ గాజులు తీసుకున్నది. చిన్న కొలతవి. నీ చెయ్యి కొలత నాకెర్క. గవి నీయి కావు."

"ఎవరివి?"

"మద్నూర్‌ల ఆమె తమ్ముని బిడ్డ ఉన్నది గద. గా పిల్లను చేసుకుంటరట."

దేవవ్వ వెళ్ళిపోయాక బాదం ఆకులు ఊడుస్తూ ఆలోచించాను. కార్యం కాలేదు, కాబట్టి నేను పెండ్లాన్ని కాను. పుస్తె ఉంది, కాబట్టి పిల్లను కాను. మద్నూరు పిల్ల ఆ ఇంట్లో కాలు పెడితే నన్ను పిలిచేవాళ్ళుండరు. బాపు కండ్లు మూస్తే ఈ ఇంట్లో నాకు అన్నం పెట్టేది ఎవరో, ఏం మాట అని పెడతారో తెలియదు. నాకు కావలసింది స్విట్జర్లాండు కాదు, నాదని చెప్పుకునే ఒక గడప. అది పోతున్నదని ఆ రోజు స్పష్టంగా కనబడింది.

వారానికి రామవ్వ వచ్చింది. వెంట లక్ష్మీరాజం. కోటు, చేతిలో గొడుగు. పెండ్లినాటికంటే ఒళ్ళు చేశాడు. పెట్టె ఉన్న ఇంట్లోకి ప్రయాణపు రోజున తప్ప రాకూడదని గడప అవతలే నిలబడ్డాడు. రామవ్వ లోపలికొచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, బాపుతో మొదలుపెట్టింది.

"అన్నా, నా కొడుకు ఎన్నేండ్లని అరుగు మీద పంటడు. అయ్యగారు ఉపాయం చెప్పిండు. పెట్టెను రైల్ల బొంబాయి దాక తీస్కపోయి, సముద్రం మొఖం చూసి వస్తే ప్రయాణం తీరినట్టేనట. ఇయ్యాల్ల పెట్టె తీస్కపోతం."

బాపు మొహం వెలిగింది. "మంచి మాట చెప్పినవు చెల్లే. మా అనసూయను సుత తోల్త."

"పిల్ల వద్దు" అంది రామవ్వ. "మెడల పుస్తె పడ్డ మూడు నెలలకే లోకమంత లడాయి. గా కాలు నా ఇంట్ల పడితే ఇంకేమైతదో. నాకున్నది ఒక్క కొడుకు. నీ బిడ్డకు తిండికి బట్టకు మేం చూస్తం. గంతకంటె నన్ను అడుగకు."

నా అడుగుతో యూరపులో లడాయి వచ్చిందట. నేను కామారెడ్డి దాటి ఎరగను. బాపు గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆయన్ను అట్లా చూసేసరికి నాకు కడుపు మండింది. తలుపు చాటు నుంచి బయటికొచ్చాను.

"తీస్కపోండ్రి అత్తమ్మా. కానీ పెట్టెల నా సామాను ఉన్నది. నాది నాకిచ్చి తీస్కపోండ్రి."

కాదనడానికి ఆమెకు దారి దొరకలేదు. కొడుకు దగ్గర తాళంచెవి తీసుకొని నా చేతిలో పెట్టింది. నేను పెట్టె ముందు కూర్చొని మూత ఎత్తాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. పైన మూడు ఉన్ని కోట్లు, పురుగు కొట్టినవి. వాటి కింద చొక్కాలు, టోపీ, నల్ల బూట్ల జత, దూరం చూసే అద్దాలు. కారప్పొడి డబ్బా, ఎండిపోయిన మామిడికాయ తొక్కు. గడ్డం గీసుకునే సామాను. ఒక దిండు, ఒక దుప్పటి, ఒక గిలాస, ఒక ముండ్ల చెంచా. అన్నిటి అడుగున ఆ క్యాలెండరు. అడుగు రేకు తగిలేదాకా చేతులు పెట్టి వెతికాను. ఇంకేమీ లేదు.

గడప అవతల ఉన్న మనిషిని పెండ్లయ్యాక మొదటిసారి సూటిగా చూసి అడిగాను. "నాది ఏది?"

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే కాలేదు, అది మొహంలో కనబడింది. ముందుకు వంగి పెట్టెలోకి చూశాడు, ఎక్కడో ఉండాలే అన్నట్టు. తర్వాత అన్నాడు, "నీకేం గావాలె? నువ్వు నా ఎంబడి ఉంటవు గద."

మోసం చేశాడంటే కొంత నయంగా ఉండేది. మోసం చేయడానికైనా నేనొకదాన్ని ఉన్నానని గుర్తుండాలి. రెండు నెలలు కూర్చొని, తొక్కు డబ్బాతో సహా ఆలోచించి సర్దిన మనిషికి, చలి దేశంలో పెండ్లానికి ఒక బట్ట కావాలని తోచలేదు. నాకు సిగ్గేసింది. ఆయన మీద కాదు. రెండేండ్లకు పైగా ఈ రేకు డబ్బాలో నీలం శాలువా ఉందని నమ్మిన నా మీద.

అన్నీ ఎట్లా ఉన్నవి అట్లా పెట్టి, మూత వేసి, తాళం వేశాను. తాళంచెవి కొంగుకు ముడి వేసుకున్నాను.

"అదేంది?" అంది రామవ్వ.

"పెట్టెల నా పోగు ఒక్కటి లేదు అత్తమ్మా. అంటే నాకు ప్రస్థానం పెట్టలే. నేను ప్రయాణంల లేను. ఇన్నొద్దులు ఉత్తగనే కూసున్న. నేను ఇంటి కోడల్ని, ఇంటికి వస్త."

"నువ్వెట్ల వస్తవు? తాళంచెవి ఇయ్యి ముందు."

"ఇయ్య. ప్రయాణంల ఉన్నోళ్ళకు లగ్గం చేస్తరా మీరు? చెయ్యరు గద. పెట్టె ఈడ ఉన్నన్ని రోజులు మీ కొడుకు ప్రయాణంలనే ఉంటడు." కొంగు ముడి ఇంకా బిగించాను. "గలాట చేస్తరా, చెయ్యండ్రి. నేను బండి కట్టిచ్చి మీకంటె ముందుగాల పెట్టెను ఎల్లారెడ్డికి తోలిపిస్త. మీ గడపలనే దించుతరు."

రామవ్వ మొహం పాలిపోయింది. తిరుపతి మూట ఆమె కండ్ల ముందు కనబడి ఉంటుంది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని ఆ భయంతోనే కొట్టాను. ఆ మాటకు నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గే. కానీ ఆమె నన్ను లోకం మీదికి లడాయి తెచ్చినదాన్ని చేసింది. అది గుర్తొచ్చినప్పుడు సిగ్గు తగ్గుతుంది.

"అవ్వా, పోదాం పద" అన్నాడు గడప అవతల నుంచి లక్ష్మీరాజం. "లడాయి ఎట్లయిన ఉగాది వరకు ఒడుస్తది."

తల్లి ఆయన వైపు చూసిన చూపు నేను మరిచిపోను. బహుశా అప్పుడే మొదటిసారి కొడుకును చూసింది.

సాయంత్రం ముగ్గురం ఒకే బండిలో ఎల్లారెడ్డికి పోయాం. బాపు నాకు నాలుగు చీరలు, ఒక బెల్లం ముద్ద కట్టి ఇచ్చాడు. నేను కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళాను. ఆయన చాప పరుచుకొని అరుగు మీద కూర్చున్నాడు.

అదంతా జరిగి రెండేండ్లు కావస్తున్నది. లోపల చేసేవాళ్ళు లేని ఇంట్లో పనికి కరువేముంటుంది? తెల్లారి బాలయ్య నన్నే అడిగాడు, ఏ మడికి నీళ్ళు పెట్టాలని. నాకు తెలియదు, చూపించమన్నాను. చూపించాడు. చెరుకు సంగతి నాకు బాపు దగ్గర తెలిసిందే, పడావు పడ్డ తోటలో మళ్ళీ నాటించాను. మొదటి బెల్లం వండిన రోజు రామవ్వ బీరువా తాళాలు తెచ్చి నా ముందు పెట్టింది. మాటలు మాత్రం ఇప్పటికీ కొలిచే మాట్లాడుతుంది. పచ్చ గాజులు అటక మీద ఉన్నాయి, నా చేతికి పట్టవు. మద్నూరు పిల్లకు వాళ్ళ ఊళ్ళోనే మంచి సంబంధం అయింది. ఆ పిల్ల అదృష్టవంతురాలు.

మొన్న ఆకు వేసి వడ్డిస్తుంటే లక్ష్మీరాజం టైముల పుస్తకం మూసి, చాలాసేపు అన్నం కెలికాడు.

"అనసూయా, గా పెట్టె ఇగ తెప్పిద్దామా. బొంబాయి దాక పోయి వస్త. తర్వాత లోపల ఉంట. పొలం సుత చూస్త."

"లడాయి ఒడువనియ్యుండ్రి" అన్నాను.

"అది ఎన్నడు ఒడుస్తదో ఎవనికెర్క?"

"దసరా వరకు ఒడుస్తదని మీరే రాసిన్రు. ఉత్తరం నా దగ్గర ఉన్నది."

ఆయన తలవంచుకున్నాడు. ఈ నాలుగేండ్లలో నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డాయి. చూస్తే నాకు జాలి కలగలేదని చెప్పను. చుట్టానికి మర్యాదలో లోటు రాకూడదు కదా, ఇంకో గరిటెడు పప్పు వేశాను. తిన్నాక విస్తరి తీసి, అరుగు ఊడ్చి, లోపలికి వచ్చి నా ఇంటి తలుపు వేసుకున్నాను.